రాస్ దొర పిచ్చుకలు

మన హైదరాబాదు జనానికి ఒక అలవాటుంది. పరాయి పేరు ఏది దొరికినా నాలుగు రోజులు నోట్లో నమిలి, తమకు వీలైనట్టు తయారు చేసుకుంటారు. నిజాం కొలువులో సేనాపతిగా పనిచేసి 1798లో చనిపోయిన రేమాండ్ అనే ఫ్రెంచివాడు మన జనం నోట మూసా రామ్ అయ్యాడు. మూసారాంబాగ్ అన్న పేరు అలా వచ్చిందే. మూసారాంబాగ్ నుంచి మూసీ దాటి, అంబర్‌పేట మీదుగా నల్లకుంట చేరితే అక్కడ ఇంకో పరాయివాడి పేరు పెట్టుకున్న పెద్ద సర్కారు దవాఖాన ఉంది. కాగితాల్లో దాని పేరు సర్ రోనాల్డ్ రాస్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ ట్రాపికల్ అండ్ కమ్యూనికబుల్ డిసీజెస్. రాస్ దవాఖానకు పోవాలంటే ఆటోవాలా మన ముఖం వంక చూస్తాడు. కోరంటి అనో, ఫీవర్ హాస్పిటల్ అనో అంటే వెంటనే ఎక్కమంటాడు. రేమాండ్ పేరు వంకరపోయి జనం నోట మిగిలింది. రాస్ పేరు చెక్కుచెదరకుండా కాగితం మీదనే ఉండిపోయింది.

మన పాఠ్యపుస్తకాల్లో రాస్‌కు దొరికేది రెండు మూడు వాక్యాలు. సికింద్రాబాదులో దోమ కడుపులో మలేరియా క్రిమిని కనుగొన్నాడు, నోబెల్ బహుమతి వచ్చింది, అంతే. ఆగస్టు 20న ప్రపంచ దోమల దినం అని ఎక్కడో ఒకచోట సభ జరుగుతుంది. ఈ కథలో సగం మాత్రమే మన ఊళ్లో జరిగింది. మిగతా సగం కలకత్తాలో, పిచ్చుకల పంజరాల మధ్య జరిగింది. ఆ రెండో సగం లేకపోతే మొదటి సగానికి విలువ కట్టడం కష్టం. అందుకే ఈ వ్యాసంలో రాస్ జీవితాన్ని పిచ్చుకల వైపు నుంచి చెప్పదలచుకున్నాను.

గూటిలో కిరాయిదార్లు

ముందుగా పక్షిగూటి సంగతి కొంచెం చెప్పాలి. గూడంటే మనకు కనబడేవి పుల్లలు, పీచు, తల్లిపక్షి, నోరు తెరిచిన పిల్లలు. జంతుశాస్త్రం చదివేవాడు ఇంకొంచెం అడుక్కి చూడాలి. పక్షి కట్టుకున్న ఇంట్లో పక్షి ఒక్కటే ఉండదు. పుల్లల సందుల్లో, రాలిన ఈకల కింద, అద్దె కట్టని కిరాయిదార్లు చాలామంది ఉంటారు. వాళ్లకు కావలసింది పక్షి రక్తం.

మాది వ్యవసాయ కుటుంబం. కోళ్లగూట్లో చెయ్యి పెట్టినవాళ్లకెవరికైనా ఈ సంగతి కొత్త కాదు. మోచేతిదాకా సన్నటి దురద పాకుతుంది. పొదిగే పెట్ట గుడ్ల మీది నుంచి వేళగాని వేళ లేచిపోయిందంటే మా నాయనమ్మ దాన్ని తిట్టేది కాదు. గంప కింది గడ్డి తీసి తగలబెట్టి, పొయ్యిలో బూడిద చల్లి, వేపాకు పరిచి, కొత్త గడ్డి వేసేది. ఆమె పేలు అనేవాటిలో చాలావరకు ఎనిమిది కాళ్ల మైట్లు, అంటే సాలీడు బంధువులు. ఆరు కాళ్ల అసలు కీటకాలు వేరే ఉన్నాయి. ఫ్లీ అనే గెంతే పురుగు ఉంది. దాని పిల్లలు గూటి చెత్తలోనే పెరుగుతాయి. యూరపు, అమెరికా దేశాల్లో వానకోయిలలు కట్టే మట్టిగూళ్లలో మన మంచంనల్లికి దాయాదులైన నల్లులు ఉంటాయి. పక్షులు వలసపోతే అవి తిరిగి వచ్చేదాకా నెలల తరబడి తిండి లేకుండా కాచుకుని కూర్చోగలవు. కొన్ని జాతుల ఈగలు గూటిలో గుడ్లు పెడితే, వాటి పురుగులు రాత్రిళ్లు పైకి పాకి పక్షిపిల్లల రక్తం తాగి తెల్లవారేసరికి అడుక్కి దిగుతాయి. గలాపగోస్ దీవుల్లో డార్విన్ పేరుతో ప్రసిద్ధికెక్కిన ఫించ్ పక్షుల పిల్లలు ఇప్పుడు అలాంటి ఒక ఈగ వల్లనే చనిపోతున్నాయి. ఇక దోమ గూటిలో కాపురముండదు. రాత్రి వచ్చి పోతుంది. ఈకలు మొలవని పిల్ల దాన్ని తోలుకోలేదు గనుక గూడే దానికి మంచి విందు.

రక్తం పోవడం పక్షికి ఒక నష్టం. తాగినవాడు ఒక పక్షి నుంచి ఇంకో పక్షికి రోగాన్ని కూడా మోసుకుపోతాడా అన్నది అంతకంటే పెద్ద ప్రశ్న. పక్షుల విషయంలో ఈ ప్రశ్నకు మొదటిసారి తిరుగులేని జవాబు చూపించినవాడు రోనాల్డ్ రాస్.

ఇష్టం లేని చదువు

రాస్ 1857 మే 13న హిమాలయాల్లోని అల్మోరాలో పుట్టాడు. మీరట్‌లో సిపాయిలు తిరగబడి అప్పటికి సరిగ్గా మూడు రోజులు. తండ్రి ఇంగ్లీషువాళ్ల భారత సైన్యంలో అధికారి, తరవాత జనరల్ అయ్యాడు. పదిమంది సంతానంలో రోనాల్డ్ పెద్దవాడు. ఎనిమిదేళ్లకే ఇంగ్లండులోని బంధువుల ఇంటికి పంపారు. అక్కడే చదువు.

కుర్రవాడికి కవిత్వమంటే ఇష్టం, సంగీతమంటే ఇష్టం, బొమ్మలు వేయడమన్నా లెక్కలు చేయడమన్నా ఇష్టం. వైద్యమంటే మాత్రం ఇష్టం లేదు. తండ్రి వినలేదు. 1874లో లండన్‌లోని సెయింట్ బార్తలొమ్యూ ఆస్పత్రి కాలేజీలో చేర్పించాడు. కొడుకు క్లాసులకంటే పాటలు కట్టడం మీద, పద్యాలు రాయడం మీద ఎక్కువ కాలం ఖర్చుపెట్టాడు. ఒక పరీక్ష గట్టెక్కాడు, ఇంకోటి తప్పాడు. కొంతకాలం ఓడలో డాక్టరుగా పనిచేసి, మళ్లీ చదివి, 1881లో ఎట్లాగో గట్టుకు చేరి ఇండియన్ మెడికల్ సర్వీసులో ఉద్యోగం సంపాదించాడు. అమ్మానాన్నల మాట కాదనలేక బైపీసీ తీసుకున్న మిత్రులు మన కాలేజీలో కూడా చాలామంది ఉన్నారు గనుక ఈ ముక్క ప్రత్యేకంగా చెబుతున్నాను. రాస్‌కు వైద్యం మీద మనసు కుదరడానికి ఇంకో పదేళ్లు పట్టింది.

మద్రాసు, బెంగుళూరు, బర్మా, అండమాన్ ఇలా తిరిగాడు. పని తక్కువ, తీరిక ఎక్కువ. నవల రాశాడు, లెక్కలు చేసుకున్నాడు, గుర్రపుస్వారీ చేశాడు. 1883లో బెంగుళూరులో ఉన్నప్పుడు అతని బంగళాలో దోమల బాధ ఎక్కువైంది. కిటికీ పక్కన ఒక నీళ్ల పీపా ఉంది. అందులో చూస్తే దోమపిల్లలు కుతకుతలాడుతున్నాయి. పీపా ఒంపించాడు, దోమలు తగ్గాయి. మెస్‌లోని పీపాలు కూడా ఒంపిద్దామని పై అధికారితో అంటే ఆయన ఒప్పుకోలేదు. అప్పటికి దోమకూ జ్వరానికీ సంబంధముందని రాస్‌కే తెలియదు. ఉత్త చిరాకుతో చేసిన పని అది. అయినా దోమను ఆపాలంటే నీటిని చూడాలన్న పాఠం అప్పుడే చేతికి వచ్చింది.

1888లో సెలవు మీద ఇంగ్లండు పోయి ప్రజారోగ్యంలో డిప్లొమా తెచ్చుకున్నాడు, సూక్ష్మజీవుల శాస్త్రం నేర్చుకున్నాడు. 1889లో రోసా బ్లాక్సమ్‌ను పెళ్లి చేసుకున్నాడు. తిరిగి వచ్చాక చూస్తే చుట్టూ చలిజ్వరాలే. కారణం మాత్రం ఎవరికీ సరిగ్గా తెలియదు. మలేరియా అన్న మాటకు ఇటలీ భాషలో చెడ్డగాలి అని అర్థం. మన ఊళ్లలో ముసలివాళ్లు చెరువు గాలి తగిలి జ్వరమొచ్చింది అంటారు చూడండి, అదే నమ్మకం. చెరువును అనుమానించడం సరైనదే. తప్పంతా గాలి మీద వేయడంలో ఉంది.

రోగుల రక్తంలో మలేరియా క్రిమిని 1880లోనే అల్జీరియాలో లావెరాన్ అనే ఫ్రెంచి సైనిక వైద్యుడు చూశాడు. రాస్ ఎంత వెతికినా కనబడకపోయేసరికి అసలు అది ఉందనే నమ్మలేదు. 1894లో మళ్లీ లండన్ పోయినప్పుడు పాట్రిక్ మేన్సన్ అనే పెద్ద డాక్టరు తన మైక్రోస్కోపు కింద దాన్ని చూపించాడు. మేన్సన్ చైనాలో ఉండగా 1877లో బోదకాలు పురుగు దోమ ఒంట్లో పెరుగుతుందని కనిపెట్టినవాడు. మలేరియా క్రిమి కూడా దోమలోకే పోతుందని ఆయన ఊహ. ఆ తరవాత దోమ నీళ్లలో పడి చస్తే, ఆ నీళ్లు తాగినవాళ్లకు జ్వరమొస్తుందనుకున్నాడు. ఊహలో మొదటి సగం నిజం, రెండో సగం తప్పు. దోమ బతుకు గురించి ఆ రోజుల్లో తెలిసింది అంతమాత్రమే. రాస్ ఈ ఊహను పట్టుకుని 1895లో భారతదేశం తిరిగి వచ్చాడు. వేసిన ఊరు మన సికింద్రాబాదు.

బేగంపేట దోమ

పని మొదలైంది. మధ్యలో బెంగుళూరుకు పంపి కలరా, మురికి కాలువల పని అప్పగించారు. నీలగిరి కింద సిగూరు కనుమకు దోమల కోసం పోయి తానే మలేరియా తెచ్చుకున్నాడు. 1897 జూన్‌లో మళ్లీ సికింద్రాబాదు చేరాడు. బేగంపేటలో చిన్న సైనిక దవాఖాన. ఎండ మండిపోతోంది. పంఖా లాగిద్దామంటే కోసి పెట్టుకున్న దోమ ముక్కలు ఎగిరిపోతాయి. చెమటకు మైక్రోస్కోపు మరలు తుప్పు పట్టాయి, కంటి దగ్గరి అద్దం పగిలి ఉంది. దోమను చంపి, కడుపు బయటికి తీసి, గాజుపలక మీద పరిచి, ఒక మూల నుంచి ఇంకో మూలదాకా గీత గీత వెతకాలి. ఒక్క దోమకే గంటలు పట్టేది. అలా ఎన్ని చూసినా ఏమీ లేదు. కారణం ఇప్పుడు మనకు తెలుసు. అతను అన్నాళ్లూ చూసినవి మనిషి మలేరియాను పెంచే జాతి దోమలు కావు.

ఆగస్టు నడుమ అతని మనుషులు వేరేరకం దోమపిల్లలు పట్టుకొచ్చారు. పెరిగి పెద్దవైతే రెక్కల మీద మచ్చలు. ఇప్పుడు మనం అనాఫిలిస్ అంటున్నది వాటినే. ఆగస్టు 16న వాటిని హుస్సేన్ ఖాన్ అనే మలేరియా రోగి మీద వదిలి రక్తం తాగనిచ్చాడు. కుట్టిన దోమకు ఒక అణా చొప్పున అతనికి కూలి. ఆ దోమలు ఒక్కొక్కటే చచ్చిపోగా, మిగిలిన కొద్దివాటిలో ఒకదాన్ని ఆగస్టు 20 మధ్యాహ్నం కోశాడు. కడుపు గోడలో గుండ్రటి కణం ఒకటి, అందులో నల్లటి రంగుగింజలు. ఆ రంగు మనిషి రక్తంలోని మలేరియా క్రిమిలో ఉండే రంగే. దోమకు అలాంటిది సహజంగా ఉండదు. మరునాడు ఇంకో దోమను కోస్తే అవే కణాలు, ఇంకా పెద్దవిగా ఉన్నాయి. అంటే పెరుగుతున్నాయి. ఆ సంతోషంలో ఒక పద్యం రాసి భార్యకు పంపాడు. ఆ ఏడాది డిసెంబరు 18న బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో ఈ రెండు దోమల సంగతి అచ్చయింది.

ఇక్కడ కొంచెం ఆగి చూడాలి. దొరికింది రెండు దోమల్లో కొన్ని కణాలు. అవి తరవాత ఏమవుతాయి? మనిషిలోకి ఎట్లా తిరిగి వస్తాయి? నీళ్లలోనా, గాలిలోనా, కుట్టినప్పుడా? ఈ ప్రశ్నలకు ఆగస్టు 20న జవాబు లేదు. ఇంకో వంద మచ్చలదోమలు కావాలి, ఇంకా హుస్సేన్ ఖాన్ లాంటివాళ్లు కావాలి, ఇంకా నెలలు కావాలి. సరిగ్గా అప్పుడే, సెప్టెంబరులో, బదిలీ ఉత్తరువు వచ్చింది. రాజపుటానాలోని ఖేర్వారాకు పొమ్మన్నారు. అక్కడ మలేరియా దాదాపు లేదు. ఏ మనిషి ఏ పనిలో ఉన్నాడో చూడకుండా సంతకం పెట్టే అధికారులు అప్పుడూ ఉన్నారు. మేన్సన్ లండన్ నుంచి పట్టువిడవకుండా పైరవీ చేస్తే 1898 ఫిబ్రవరిలో రాస్‌ను కలకత్తాకు వేశారు. ప్రెసిడెన్సీ జనరల్ ఆస్పత్రి ఆవరణలో చిన్న ప్రయోగశాల ఇచ్చారు.

కలకత్తా పిచ్చుక

కలకత్తాలో ఇంకో చిక్కు. ప్లేగు భయం, ప్లేగు టీకా భయం ఊరంతా అలముకుని ఉన్నాయి. తెల్లదొర సూది పట్టుకుని వేలు గుచ్చుతానంటే జనం పారిపోయేవాళ్లు. అణాలిచ్చినా రోగి దొరకలేదు. హుస్సేన్ ఖాన్ లేని చోట రాస్ ఏం చెయ్యాలి?

పక్షుల రక్తంలో కూడా మలేరియా లాంటి క్రిములుంటాయని అప్పటికే తెలుసు. 1897లో మెకాలమ్ అనే కెనడా యువకుడు, అమెరికాలో వైద్యం చదువు ముగిస్తున్నవాడు, కాకి రక్తంలోని క్రిమిని చూస్తూ ఒక పెద్ద రహస్యం విప్పాడు. ఆ క్రిమి నుంచి తోకల్లాంటి పోగులు బయటపడటం పెద్దలంతా చూశారు. అవి విత్తనాలని మేన్సన్ అనుకున్నాడు. మెకాలమ్ ఓపికగా చూస్తే అవి మగకణాలు. పక్కనున్న ఆడకణంలోకి దూరి కలిసిపోతున్నాయి. ఒక విద్యార్థి కాకిని చూసి చెప్పిన మాట రాస్‌కు దోమ కడుపులో ఏం జరుగుతోందో అర్థం చేసుకోవడానికి పనికి వచ్చింది.

రాస్ కలకత్తా బజారులో పక్షులు కొన్నాడు. పిచ్చుకలు, భరత పక్షులు, కాకులు, పావురాలు. రక్తం పరీక్షిస్తే పిచ్చుకల్లో ప్రోటియోసోమా అనే క్రిమి దొరికింది. దాన్నే ఇప్పుడు ప్లాస్మోడియం రెలిక్టం అంటున్నారు. మనిషి మలేరియా క్రిమి ప్రజాతే. దోమల్లో అతను తీసుకున్నది బూడిదరంగు క్యూలెక్స్. మురికినీటి గుంట ఎక్కడుంటే అక్కడ పుట్టే మామూలు దోమ. సికింద్రాబాదులో మనిషి రక్తంతో ఎన్నిసార్లు ప్రయత్నించినా ఫలించనిది ఈ రకమే. పిచ్చుక రక్తంతో వెంటనే ఫలించింది. ఏ క్రిమికి ఏ కీటకం అన్న జత కుదరకపోతే ఎంత కష్టపడినా ఏమీ కనబడదన్న సంగతి దీంతో తేలిపోయింది.

ఇక రాస్ లెక్కల ఇష్టం అక్కరకొచ్చింది. మూడు పిచ్చుకలు తీసుకున్నాడు. ఒకదాని రక్తం నిండా క్రిములు, రెండోదానిలో ఓ మోస్తరు, మూడోదానిలో అసలు లేవు. ఒక్కోదాని రక్తం తాగిన దోమలు పదేసి కోసి, రంగుకణాలు లెక్కపెట్టాడు. మొదటి పది దోమల్లో 1009, రెండో పదిలో 292, మూడో పదిలో సున్నా. ఈ మూడు అంకెలు చూస్తే నాకు బేగంపేట కణం కంటే ఎక్కువ ఒళ్లు జలదరిస్తుంది. మూడో పిచ్చుక పక్కన ఆ సున్నా లేకపోతే మిగతా రెండు అంకెలకు అర్థమే లేదు. మనం ప్రాక్టికల్స్‌లో కంట్రోల్ అని విసుక్కుంటూ పెట్టే గాజుగొట్టం విలువ అదే.

ఇంకో చిక్కు కూడా ఉంది. బజారులో కొన్న పిచ్చుక ఒంటి మీద వాలేది దోమ ఒక్కటే కాదు. ఈకల్లో పేలు, మైట్లు, రకరకాల ఈగలు ఉండవచ్చు. అందుకని పంజరాలకు దోమతెరలు కావాలి. ఏ పిచ్చుకను ఏ దోమ ఎప్పుడు కుట్టిందో తనకు తెలిసినప్పుడే కుట్టాలి. పంజరాలు కడగడం, దోమపిల్లల్ని పెంచడం, రోజూ పక్షుల రక్తం తీయడం, ఈ పనుల్లో మహమ్మద్ బక్స్ అనే పరిచారకుడు అతనికి కుడిచెయ్యి. కిశోరీ మోహన్ బంద్యోపాధ్యాయ్ అనే బెంగాలీ యువకుడు కూడా ప్రయోగశాలలో తోడున్నాడు.

కణాలు రోజురోజుకూ పెరిగాయి. వారం తిరిగేసరికి పగిలి, సన్నటి దారపు ముక్కల్లాంటివి వేలకొద్దీ దోమ ఒళ్లంతా చెదిరిపోయాయి. ఎక్కడికి పోతున్నాయి? దోమ కడుపు వదిలి, రొమ్ము వైపు వెతుక్కుంటూ పోగా, 1898 జూలై మొదటి వారంలో తలకు దగ్గరలో ఉన్న ఒక గ్రంథి నిండా అవే కనబడ్డాయి. ఆ గ్రంథి నుంచి గొట్టం దోమ ముక్కు దాకా పోతోంది. అది లాలాజల గ్రంథి. దోమ రక్తం పీల్చే ముందు తన ఉమ్మి వదులుతుంది గదా. తాగే నీరూ కాదు, చెడ్డగాలీ కాదు. క్రిమి వచ్చిన దారినే, అంటే ముక్కుసూది గుండానే, తిరిగి పోతోంది.

చివరి పని, క్రిములు లేవని తేల్చుకున్న పిచ్చుకల మీద ఈ దోమల్ని వదలడం. వాటిలో ఎక్కువ భాగానికి కొద్ది రోజుల్లోనే రక్తం నిండా క్రిములు పుట్టాయి. చక్రం పూర్తయింది. పిచ్చుక నుంచి దోమకు, దోమ నుంచి పిచ్చుకకు. రాస్ తంతి పంపితే మేన్సన్ ఆ జూలై నెలలోనే ఎడింబరోలో జరిగిన బ్రిటిష్ వైద్యసంఘ మహాసభలో ప్రకటించాడు. అదే ఏడాది చివర ఇటలీలో గ్రాస్సీ, బిన్యామి, బాస్టియనెల్లి అనే శాస్త్రజ్ఞులు మనిషి మలేరియా అనాఫిలిస్ దోమలో ఇదే దారిన నడుస్తుందని నిరూపించారు. పిచ్చుక మలేరియా మనుషులకు అంటదు. కాని మనిషి మలేరియా ఎట్లా అంటుతుందో ముందుగా చెప్పింది పిచ్చుకే.

బహుమతి తరవాత

1899లో రాస్ భారతదేశం వదిలి లివర్‌పూల్‌లో కొత్తగా పెట్టిన ఉష్ణమండల వైద్య కళాశాలలో చేరాడు. సియెర్రా లియోన్, ఇస్మాయిలియా, మారిషస్ తిరిగి దోమల నిర్మూలన ఎట్లా చెయ్యాలో చెప్పాడు. 1902లో వైద్యశాస్త్రానికి నోబెల్ బహుమతి అతనొక్కడికే వచ్చింది. లావెరాన్‌కు 1907లో గాని రాలేదు. గ్రాస్సీకి అసలు రాలేదు. ఎవరు ముందు అన్న తగవు రాస్‌కూ గ్రాస్సీకీ మధ్య ఏళ్ల తరబడి సాగింది. ఇద్దరూ పరుషమైన మాటలే అనుకున్నారు. ఇంత పెద్ద పని చేసినవాడు అంత చిన్న మాటలు ఎందుకన్నాడా అని చదివేవాళ్లకు బాధ కలుగుతుంది. మశూచి టీకా కనిపెట్టిన జెన్నర్‌కు పార్లమెంటు డబ్బిచ్చింది, నాకెందుకివ్వదని ప్రభుత్వానికి అర్జీలు కూడా పెట్టుకున్నాడు. ఫలితం లేదు.

అయినా అతని చేతుల్లో ఇంకో మంచి పని జరిగింది. ఊళ్లో ఒక్క దోమ లేకుండా చెయ్యడం సాధ్యం కాదు. సంఖ్య ఒక హద్దు కిందికి దిగితే చాలు, రోగం తనంతట తానే తగ్గిపోతుందని లెక్కలు కట్టి చూపించాడు. 1910లో వెలువడిన మలేరియా నివారణ గ్రంథంతో మొదలుపెట్టి ఆ గణితాన్ని పెంచుకుంటూ పోయాడు. ఈనాడు అంటురోగాల వ్యాప్తిని లెక్కగట్టేవాళ్లు ఆ దారిలో నడుస్తున్నవాళ్లే. 1911లో సర్ బిరుదు వచ్చింది. 1914 ఆగస్టులో పెద్ద కొడుకు యుద్ధంలో లె కాటో దగ్గర చనిపోయాడు. 1926లో లండన్‌లో అతని పేర సంస్థ వెలిసింది. 1927 జనవరిలో కలకత్తా ఆస్పత్రి దగ్గర తన పేర కట్టిన ద్వారం తెరిచినప్పుడు స్వయంగా వచ్చాడు. భార్య 1931లో పోయింది. ఆ మరుసటి ఏడాది, 1932 సెప్టెంబరు 16న రాస్ లండన్‌లో కన్నుమూశాడు. బేగంపేటలోని ఆ భవనం ఉస్మానియా విశ్వవిద్యాలయం చేతికి వచ్చింది.

మిగిలిన లెక్కలు

కాకి, పావురం రక్తంలోని క్రిమిని మోసేది ఎవరన్న ప్రశ్న అప్పటికింకా మిగిలే ఉంది. 1906లో అల్జీరియాలో సెర్జాన్ సోదరులు పావురాల క్రిమిని మోసేది దోమ కాదని, ఈకల మధ్య పీతలా అడ్డంగా పరుగెత్తే ఒక చదునైన ఈగ అని చూపించారు. ఈ ఈగ గుడ్లు పెట్టదు. ఒక్కో పిల్లను కడుపులోనే పెంచి, గట్టిపడటానికి సిద్ధమైన దశలో కంటుంది. అది గూటి చెత్తలో పడి, మినపగింజకంటే చిన్న నల్లటి గింజలా ఉంటుంది. దాంట్లోంచి కొత్త ఈగ వచ్చి, దగ్గరున్న పావురంపిల్ల ఈకల్లోకి దూరుతుంది. అంటే ఆ క్రిమికి గూడే మార్పిడి స్టేషను. మూసారాంబాగ్‌లో ఏ అపార్టుమెంటు సజ్జ మీద చూసినా పావురాలే గదా. నేను కిరాయికుండే గది కిటికీ అవతల కూడా ఉన్నాయి.

రాస్ బూడిదరంగు దోమ కూడా ఎక్కడికీ పోలేదు. మూసీలో గుర్రపుడెక్క కింద మురికినీటిలో పుట్టి, సాయంత్రమయ్యేసరికి ఇళ్ల మీద పడేది ఆ క్యూలెక్సే. సముద్రం నడుమ ఉన్న హవాయి దీవుల్లో పూర్వం అసలు దోమలే లేవు. 1826 ప్రాంతంలో ఓడల నీళ్లపీపాల్లో ఇదే జాతి దోమ అక్కడికి చేరింది. తరవాత బయటి పక్షులతో రాస్ చూసిన ఆ పిచ్చుక క్రిమి కూడా చేరింది. మన పిచ్చుకలు తరతరాలుగా దాంతో కాపురం చేసి తట్టుకోవడం నేర్చుకున్నాయి. హవాయి అడవి పక్షులకు ఆ అలవాటు లేదు. చలికి దోమ ఎక్కలేని కొండకొమ్ముల మీద మాత్రమే కొన్ని మిగిలాయి. 2023లో అమెరికా ప్రభుత్వం ఎనిమిది హవాయి పక్షిజాతులు అంతరించాయని ప్రకటించింది. వాటిని తుడిచిపెట్టిన కారణాల్లో పిచ్చుక మలేరియా ముఖ్యమైనది. ఇప్పుడు అక్కడ, జత కట్టినా గుడ్లు పొదగనివ్వని మగదోమలను లక్షల్లో వదిలి మిగిలినవాటిని కాపాడాలని చూస్తున్నారు. మనుషుల వైపున 2021లో, 2023లో రెండు మలేరియా టీకాలకు ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆమోదం దొరికింది. రెండూ గురిపెట్టేది కుట్టిన దోమ ఉమ్మితో లోపలికి వచ్చే ఆ దారపు ముక్కల మీదనే. 1898 జూలైలో రాస్ పిచ్చుకలను కుట్టిన దోమల్లో చూసింది వాటి తోబుట్టువులను.

ఇదంతా రాస్ ఒక్కడి పుణ్యం కాదు. జ్వరంతో మూలుగుతూ అణాకు ఒక దోమ చొప్పున చెయ్యి చాపిన హుస్సేన్ ఖాన్ మన సికింద్రాబాదువాడు. అతని పేరు ఏ దవాఖాన బోర్డు మీదా నాకు కనబడలేదు. మచ్చలదోమల పిల్లల్ని పట్టుకొచ్చిన పనివాళ్లున్నారు. చివరికి ఆ పిచ్చుకలున్నాయి. ఆగస్టు 20న సభలు పెట్టేటప్పుడు వాళ్ల పేరు కూడా ఒకసారి తలుచుకుంటే బాగుంటుందని మన యూనియన్ మిత్రులకు నా మనవి.

ఇంకో మనవి జంతుశాస్త్రం మిత్రులకు. పిల్లలు ఎగిరిపోయి ఖాళీ అయిన పావురం గూడు ఏదైనా దొరికితే ఊడ్చి పారెయ్యకండి. చేతికి పాలిథిన్ సంచీ, ముక్కుకు గుడ్డ కట్టుకుని, చెత్తతో సహా ఒక గాజుసీసాలో వేసి, మూతికి పలచటి బట్ట బిగించి మూడు నాలుగు వారాలు పెట్టండి. రోజూ చూసి, ఏ రోజు ఏం బయటికొచ్చిందో తేదీ వేసి రాయండి. మన ల్యాబులోని మైక్రోస్కోపు రాస్‌కు బేగంపేటలో ఉన్నదానికంటే మంచిదే. దాని అద్దం ఇంకా పగల్లేదు.